అనంతపురం నుంచి స్టాండప్ కామెడీకి: మొదటి ఐదు నిమిషాలు

ముందుగా, ఉన్న ఉద్యోగం మానకండి. బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి శనివారం బస్సెక్కి ఓపెన్ మైక్ (కొత్తవాళ్లకూ స్టేజీ ఇచ్చే కామెడీ షో) చేసి రావచ్చు, పూర్తిగా తెలుగులోనే చేస్తానంటే మాత్రం హైదరాబాదే నయం. ఇచ్చేది నాలుగైదు నిమిషాలే. 'మా ఊళ్లో ఎండలెక్కువ' అంటూ సాగదీయొద్దు. టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ మీ మామ పెళ్లి సంబంధం గురించి అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పి, నవ్వు తెప్పించే పదాన్ని వాక్యం చివర్లో పెట్టి, అక్కడే ఆగండి. నవ్వు అయ్యేదాకా నోరు మెదపొద్దు (టెన్షన్‌లో ఇదే కష్టం). సీమ యాస మార్చుకోవద్దు, కానీ సుమోలు, బాంబుల జోకులు సినిమాలు ఎప్పుడో అరగదీశాయి. ప్రతి సెట్‌నూ (స్టేజీ మీద మీరు చేసే ఆ నాలుగైదు నిమిషాలు) ఫోన్‌లో రికార్డు చేసి, నవ్వు రాని వాక్యం కొట్టేయండి. వెనక నుంచి లైటు చూపించారంటే టైమైపోతోందని అర్థం, ముగించి దిగండి.