పాత సెలడాన్ పాత్రను చూసే పద్ధతి: ముందు అడుగుభాగం, తర్వాతే రంగు

సెలడాన్ అంటే పచ్చటి గాజులాంటి పూత వేసి కాల్చిన మట్టిపాత్ర. అలాంటి గిన్నె ఎదురైతే కళ్లు ఆ పచ్చదనం మీదే నిలిచిపోతాయి. నేనూ చాలాకాలం అలాగే చూశాను. ఒకసారి రంగు చూసి చైనా సాంగ్ రాజవంశ కాలానిదని నమ్మేసిన పళ్లేన్ని తిప్పి చూస్తే, అడుగున ఎర్రటి రంగులో బ్రష్షు గీతలు కనిపించాయి. అప్పటినుంచి ముందు అడుగే చూస్తున్నాను.

ఉంగరాలు, వాచీ తీసేయండి. బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి, గిన్నెను దానికి దగ్గరగానే తిప్పండి. పై అంచు పట్టుకుని మాత్రం ఎత్తొద్దు. పాత అతుకు ఉంటే అక్కడే ఊడొస్తుంది.

బోర్లించాక, గిన్నె ఆనే అంచు చూడండి. చైనాలో జెజియాంగ్ ప్రావిన్స్‌లోని లోంగ్‌చువాన్ పాత్రలకు సాధారణంగా అక్కడ పూత ఉండదు. ఉంటే కాల్చేటప్పుడు కింది ఆధారానికి అతుక్కుపోతుంది. లోపలి మట్టి బూడిద తెలుపే అయినా, బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి ఆ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఈ ఎరుపు మట్టిలోంచే రావాలి. పైన పూసినట్టు, అంతటా ఒకే తీరుగా ఉంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

ఇప్పుడు రంగు. బల్బు వెలుగు మోసం చేస్తుంది, కిటికీ పక్కకు తీసుకెళ్లండి. ఈ పచ్చదనం పూతలోని కొద్దిపాటి ఇనుముది. కొండవాలున పాకే పొడవాటి డ్రాగన్ బట్టీల్లో, 1200 డిగ్రీలు దాటిన వేడిలో, గాలి తగ్గించి కాల్చేవాళ్లు. గాలి ఎక్కువైతే అదే ఇనుము పసుపు, గోధుమ ఛాయలకు పోతుంది. అందుకే పసుపుపచ్చగా ఉందని పాత్రను పక్కన పెట్టేయకండి.

తామర రేకులు చెక్కిన గిన్నె దొరికితే తొందరపడొద్దు. అలాంటిది చేతిలోకి వచ్చినప్పుడు నేను బొటనవేలితో ఒక్కో రేకు వెన్ను తడిమాను. వెన్ను మీద పూత పలచబడి దాదాపు తెల్లగా, రేకుల మధ్య పల్లంలో చిక్కగా ఉంది. దక్షిణ సాంగ్ (సాంగ్ వంశపు రెండో దశ) కాలపు పనివాళ్లు మంచి పాత్రలకు పూతను పొరలు పొరలుగా వేసేవాళ్లు. పది రెట్ల భూతద్దంలో చూస్తే ఆ మందంలో సన్నటి బుడగలు గుంపులుగా కనిపిస్తాయి. వెలుగు వాటి మధ్య చెదిరిపోవడం వల్లే పచ్చరాయిలాంటి ఆ మెత్తదనం. ఉత్తర చైనాలోని యావ్‌జౌ బట్టీల పాత్రల్లో తీరు వేరు: కత్తిని ఏటవాలుగా పెట్టి చెక్కుతారు, పూత గాడిలో ఒకవైపు నిలిచి ముదురు నీడలా కనిపిస్తుంది.

కాలం పోల్చుకోవడానికి నేను నమ్మే ఆధారం కొరియా తీరంలో దొరికిన సినాన్ ఓడ. 1323లో చైనా నుంచి బయలుదేరి మునిగిన ఆ ఓడలో వేల కొద్దీ లోంగ్‌చువాన్ పాత్రలు దొరికాయి. వాటి ఫొటోల్లో అడుగు చూపించేవి వెతికి, మీ చేతిలోని పాత్ర పక్కన పెట్టి చూడండి.