అమ్మానాన్నలతో మొదటి అలాస్కా క్రూజ్: డబ్బు కట్టేముందు చూసుకోవాల్సినవి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. సియాటిల్ నుంచి 7 రోజుల అలాస్కా ఓడ, బాల్కనీ గది, తగ్గింపు ధర ఈ రాత్రి వరకే. ఆ పేజీ ముందు కూర్చుంటే చెయ్యి ఆగదు. అమ్మ నా పక్కనే కూర్చుని గది ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూస్తూ, "పడుకుని ఉండగానే మంచుకొండలు చూడొచ్చా?" అని అడుగుతోంది. వెంటనే డిపాజిట్ కట్టేశాను. కెనడా వీసా సంగతి పది రోజుల తర్వాత ఒక స్నేహితురాలు అడిగితే గాని నాకు తట్టలేదు. అందుకే ముందు వీసా గురించే చెప్తాను.

అలాస్కా అమెరికాలోదే కదా, ఇంకో వీసా ఎందుకనిపిస్తుంది. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి వేరే దేశాల జెండాతో నడుస్తాయి. అలాంటి ఓడ సియాటిల్‌లో జనాన్ని ఎక్కించుకుని మళ్లీ సియాటిల్‌లోనే దింపాలంటే, 1886 నాటి అమెరికా చట్టం వల్ల మధ్యలో ఒక విదేశీ రేవును తాకి రావాలి. అందుకే ఎక్కువ ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం కొన్ని గంటలు ఆగుతాయి. మీరు అక్కడ దిగకుండా గదిలోనే కూర్చున్నా సరే, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విజిటర్ వీసాతో వచ్చినవాళ్లకు కెనడా వీసా ఉండాల్సిందే. లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, కట్టిన డబ్బు మీద కూడా ఆశ వదులుకోవాలి. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్న మీకూ ఇదే లెక్క. గ్రీన్ కార్డ్ ఉంటే కెనడా వీసా అక్కర్లేదు గాని, పాస్‌పోర్ట్, కార్డ్ రెండూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. పెద్దవాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా, దాని గడువూ, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువూ ఓడ తిరిగొచ్చే రోజు వరకూ ఉన్నాయా అన్నది కూడా చూడండి.

కెనడా వీసాకి అమెరికాలో ఉండి కూడా అప్లై చేయొచ్చు. కానీ వేలిముద్రలు, స్టాంపింగ్‌కి పాస్‌పోర్ట్ పంపడం, అది తిరిగి రావడం, అన్నీ కలిపి వారాలు పట్టొచ్చు. పెద్దవాళ్లు ఇండియాలో ఉండగానే వేయిస్తే మేలు. ఓడ కంపెనీలు మిగతా సొమ్ము సాధారణంగా మూడు నెలల ముందే కట్టించుకుంటాయి. ఆ తేదీ దాటాక రద్దు చేసుకుంటే నష్టం పెరుగుతూ పోతుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. అప్పటికీ వీసా రాకపోతే మనసు కష్టపెట్టుకోకుండా రద్దు చేసుకోండి. మావాళ్ల వీసాలు గడువుకు ఆరు రోజుల ముందు వచ్చాయి. ఆ నెలంతా మేం పడ్డ టెన్షన్ ఇంకో ఇంట్లో పడకూడదు.

గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి. సియాటిల్ నుంచి వెళ్లే చాలా ఓడలు వాంకూవర్ దీవికి పడమటి వైపు, తెరిచి ఉన్న సముద్రంలోంచి పోతాయి. ఊగుడు అక్కడే ఎక్కువ. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పని చేయదు, ముందే వేసుకోవాలి. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు వాటిలో కొన్ని పడవు కాబట్టి డాక్టర్‌ని అడిగి కొనండి. మొదటి రాత్రి నాన్న బాత్రూంకి లేచారు. ఆ గదుల్లో బాత్రూం గడప కాస్త ఎత్తుగా ఉంటుంది. చీకట్లో కాలు తట్టుకుని ముందుకు తూలారు, గోడ మీది కమ్మీ చేతికి అందింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత రాత్రంతా లోపలి లైటు వేసి తలుపు ఓరగా ఉంచాం. బాల్కనీ తలుపు కూడా గాలికి ఠపీమని మూసుకుంటుంది, వేళ్లు జాగ్రత్త.

రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి సాయంత్రానికి గాని రావు. బీపీ, షుగర్ మాత్రలు, పాస్‌పోర్ట్‌లు చేతిసంచీలోనే ఉంచండి. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె తీసుకెళ్తే స్కానింగ్‌లో తీసేసుకుంటారు. ఇంటి వంట కూడా చాలా ఓడల్లో రానివ్వరు. సీలు తీయని కందిపొడి ప్యాకెట్లు మాకు బాగా అక్కరకొచ్చాయి. శాకాహారమని బుకింగ్‌లోనే రాయించండి, మొదటి రాత్రి భోజనాల దగ్గర హెడ్ వెయిటర్‌కి నోటితోనూ చెప్పండి. సూపుల్లో కోడి రసం, సాసుల్లో చేప కలుస్తాయి కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు. తినేముందు చేతులు సబ్బుతోనే కడుక్కోండి, ఓడల్లో వ్యాపించే నోరోవైరస్‌కి శానిటైజర్ చాలదు.

పెద్దవాళ్లకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద, కెనడాలో వర్తిస్తుందో లేదో కాగితం తీసి చదవండి. ఓడలో డాక్టర్ ఉంటారు, బిల్లు మాత్రం మనదే. సీరియస్ అయి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఆ ఖర్చు తట్టుకోలేం.

జూలైలో కూడా అలాస్కాలో చలి, వాన రెండూ ఉంటాయి. డెక్ మీద గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనండి. అలాస్కాలో ఓడ ఆగే జూనో ఊళ్లో తిమింగలాలు చూడ్డానికి సొంతంగా పడవ మాట్లాడుకుంటే తిరిగి రావడానికి రెండు గంటలైనా మిగుల్చుకోండి. ఓడవాళ్లే పెట్టిన టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మన సొంత టూర్ కోసం ఆగదు. అలాస్కా టైము సియాటిల్ కంటే గంట వెనక. ఫోన్ గడియారాన్ని కాకుండా ఓడలో ప్రకటించిన టైమునే నమ్మండి. ఓడ కదలగానే ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, నాన్నగారిదైతే మీ చేత్తోనే పెట్టండి. సముద్రం మీద దొరికే నెట్‌వర్క్ బిల్లు మామూలుగా ఉండదు.

చివరి రాత్రి పెట్టెలు ట్యాగులు కట్టి గది బయట పెట్టమంటారు. పొద్దున్న వేసుకునే బట్టలు, మాత్రలు, బూట్లు లోపలే ఉంచుకున్నారో లేదో పెద్దవాళ్లని ఒక్కొక్కటీ అడిగి చూడండి. మా అమ్మ బూట్లు పెట్టెలో వెళ్లిపోయాయి. మర్నాడు సియాటిల్‌లో ఇమిగ్రేషన్ లైన్లో గదిలో ఇచ్చిన పల్చటి స్లిప్పర్లతో నిలబడింది.