ఒక్క మ్యాచ్ ఆడినాయన కెరీర్ ఎట్ల వెతికి రాయాలె

నల్గొండల గానీ పాలమూరుల గానీ ఏ గ్రౌండ్ కాడికి పోయినా ఒక పెద్దమనిషిని చూపెట్టి "ఆయన హైదరాబాద్‌కు ఆడిండు" అంటరు, ఎప్పుడు, ఎవరి మీద అని అడిగితే ఎవరికీ తెల్వది. ఆయన ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలె.

ముందుగాల పేరు. స్కోర్‌కార్డుల ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయి చివరికి రెడ్డి అనో రావు అనో మిగుల్తది, అందుకే పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, ఏ చేత్తో ఆడుతుండె, బౌలింగ్ ఏంది అన్నీ ఇంట్లోళ్లను అడిగి రాసుకోండి. ఆన్‌లైన్ల పేరు కొట్టి వెతికితే స్పెల్లింగ్ కలవక దొరకకపోవచ్చు, క్రిక్‌ఇన్ఫో అనే క్రికెట్ వెబ్‌సైట్ల హైదరాబాద్ రంజీ మ్యాచ్‌లు సీజన్ల వారీగ తీసి ఒక్కొక్క కార్డు చూస్కుంట పోవుడే మేలు.

తర్వాత అది ఏ స్థాయి మ్యాచో తేల్చాలె. రంజీ ఫస్ట్‌క్లాస్, అంటే కొన్ని రోజులు సాగే పెద్ద స్థాయి ఆట; హెచ్‌సీఏ (హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్) లీగు కాదు, యూనివర్సిటీ పిల్లల రోహింటన్ బారియా ట్రోఫీ కూడ కాదు. హైదరాబాద్‌ల జరిగే మొయినుద్దౌలా గోల్డ్ కప్ టోర్నీ అయితే కొన్నేండ్లు ఫస్ట్‌క్లాస్ లెక్కల ఉండె, కొన్నేండ్లు లేకుండె, సంవత్సరం చూడకుండ రాయొద్దు. లీగే ఆడిండంటే లీగే ఆడిండని రాయండి, జిల్లా నుంచి పోయి సిటీ లీగుల చోటు సంపాదించుడు చిన్న ముచ్చట కాదు.

ఇగ కార్డు చదువుడు. బ్యాటింగ్ కాడ గీత ఉంటే సున్న కాదు, ఆయనకు బ్యాటింగే రాలేదని. ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్‌ల ఫ్రెడ్ హైలాండ్ అని ఒకాయన ఉండె, 1924ల హాంప్‌షైర్‌కు నార్తాంప్టన్‌ల ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఆడిండు, ఆ మ్యాచ్‌ల మొత్తం రెండు ఓవర్లే పడ్డయి, అవతలోళ్లు వికెట్ పోకుండ ఒక్క రన్ చేసిన్రు, ఆట అక్కడ్నే ఆగింది. బ్యాట్ పట్టలే, బాల్ వెయ్యలే, రెండు ఓవర్లు ఫీల్డింగ్ చేసిండు, కెరీర్ అంతే. గానీ ఆయన చనిపోయినప్పుడు విజ్డెన్ అనే ఇంగ్లండ్ క్రికెట్ వార్షిక పుస్తకం ఆయన గురించి రాసింది, తర్వాత చెషైర్‌ల మొక్కల నర్సరీతోని మంచి పేరు తెచ్చుకున్నడని కూడ చెప్పింది. నాకైతే ఆ ఒక్క ముక్కతోనే మనిషి కండ్ల ముందుకొచ్చిండు.

అందుకే మీరు కూడ ఎందుకు ఆగిపోయిండు, ఆ తర్వాత ఏం చేసిండు అన్నదాని మీదనే ఎక్కువ టైం పెట్టండి. మోకాలు దెబ్బనా, ఇంటికాడ పొలమా, సెలక్షన్‌ల మళ్ల పిలవలేదా, బ్యాంకు టీంల ఉద్యోగమొచ్చి వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ అయ్యిండా, ఇవి కార్డుల దొరకయి. ఆయన్ని అడగండి, ఆయనతో ఆడినోళ్లను వేరే అడగండి, పాత గ్రూప్ ఫొటో ముందల పెడితే పేర్లు వాటంతటవే వస్తయి, అప్పుడే ఫొటో వెనక పెన్సిల్‌తోని రాయండి. మ్యాచ్ తేదీ దొరికినంక అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీల మర్నాటి పేపర్లు ఉన్నయేమో అడగండి, ఉర్దూ పేపర్లు కూడ, చదవొచ్చినోళ్లను ఎంబడి తీస్కపోండి.

ఆయన నలభై కొట్టిన అంటడు, కార్డుల పద్నాలుగే ఉంటది. కార్డుల ఉన్న అంకెనే రాయండి, ఆయన చెప్పింది ఆయన మాటగనే పక్కన పెట్టండి, పోస్ట్ చేసే ముందు మొత్తం ఒకసారి ఆయనకు చదివి వినిపించండి.