అగ్గి తెగులు రాకముందే కైటోసాన్: నెల్లూరు వరి రైతులకు జాగ్రత్తలు

పుష్యమాసం మంచు మొదలయ్యేసరికి పెన్నా డెల్టాలో వరి పిలకల మీద ఉంటుంది. పగలు మబ్బు, రాత్రి చలి, ఉదయం తొమ్మిదైనా ఆకు తడి ఆరకపోవడం: అగ్గి తెగులుకు ఇంతకంటే అదను లేదు. బీపీటీ 5204 (సాంబ మసూరి) రకం వేసినవాళ్లు, యూరియా దండిగా గుమ్మరించినవాళ్లు మరీ కనిపెట్టుకుని ఉండాలి.

రొయ్య, పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్ ఈ తెగులు తెచ్చే బూజును కొంత అణుస్తుంది. దాని అసలు పని మొక్క తనను తాను కాపాడుకునే శక్తిని ముందే లేపడం. కాబట్టి మచ్చ రాకముందు చల్లితేనే ఫలితం. నూలుకండె ఆకారంలో, నడుమ బూడిద రంగు, అంచు గోధుమ రంగుతో మచ్చలు కనబడ్డాక దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు. లీటరు నీళ్లకు ఐసోప్రోథయోలేన్ అనే బూజు మందు 1.5 మి.లీ. కలిపి కొట్టాల్సిందే.

రొయ్యల ప్లాంటు దగ్గర పెంకులు తెచ్చి దంచితే అది కైటోసాన్ కాదు. యాసిడ్‌తో కడిగి, చిక్కటి కాస్టిక్ సోడాలో ఉడికిస్తేగానీ తయారవదు. ఇంట్లో చేయబోతే కళ్లు పోతాయి. పొడి కొనుక్కోండి, డీఎసిటైలేషన్ (పెంకులోని పదార్థం కైటోసాన్‌గా ఎంత మారిందో చెప్పే అంకె) 85 శాతానికి తగ్గనిది అడిగి మరీ.

దెబ్బతినేది ఎక్కువగా కలపడంలోనే. ఈ పొడి మామూలు నీళ్లలో కరగదు. 4-5 శాతం వెనిగర్ పావు లీటరు, నీళ్లు ముప్పావు లీటరు ప్లాస్టిక్ బకెట్లో పోసి, 10 గ్రాముల పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పాలి. ఒక్కసారే పోస్తే పైన జిగురు పట్టి లోపల ఉండలు అలాగే ఉంటాయి. రాత్రంతా నాననిచ్చి గుడ్డలో వడకట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. 16 లీటర్ల ట్యాంకుకు ఈ ద్రావణం 1.6 లీటర్లు.

ట్యాంకులో పోయడానికి కాలువ నీళ్లే మేలు. అల్లూరు, ఇందుకూరుపేట వైపు ఉప్పు బోర్లలో క్షారం ఎక్కువుంటే కైటోసాన్ విరిగి తెల్లటి దారాల్లా తేలుతుంది, ఇక అది ఆకుకు పట్టదు. కలిపాక పీహెచ్ పేపరు (నీళ్ల పులుపు, క్షారం చూపే కాగితం) ముంచి చూడండి. 5 నుంచి 5.5 ఉండాలి. తక్కువుంటే ఆకు మాడుతుంది, చిటికెడు చొప్పున వంటసోడా వేసి సరిచేయండి. 6 దాటనివ్వొద్దు. రాగి మందులు, ఫాస్ఫేట్ ఎరువులు ఇందులో కలపకూడదు. ముందు ఒక మూల చల్లి రెండు రోజులు చూశాకే చేనంతా కొట్టండి.

మొదటి పిచికారీ పిలక దశలో, రెండోది పొట్ట దశ చివర, వెన్ను బయటికి రాకముందు. మెడవిరుపు (ఇదే తెగులు వెన్ను మెడకు తగలడం) భయం అప్పుడే. ఎకరాకు 200 లీటర్లు, మంచు ఆరాక గానీ సాయంత్రం నాలుగు తర్వాత గానీ కొట్టాలి. వెన్ను బయటపడి పూత మీదుంటే మాత్రం ఉదయం పూట ఆ చేను జోలికి పోవద్దు.