జపాన్‌లో మంచం కాలికి ఒక సంచి

జపాన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లకి భూకంపాల గురించి ఒక మాట. గట్టి అడుగున్న బూట్లు, చిన్న టార్చి ఒక గుడ్డసంచిలో వేసి మూతి బిగించి మంచం కాలికి కట్టేయండి. ఊరికే కింద పెడితే ఊపుకి ఎటో జారిపోతాయి, బూట్లలోనే గాజుపెంకులు పడతాయి. 1995 జనవరి 17న కోబే భూకంపం తెల్లవారుజామున 5:46కి వచ్చింది. చీకటి, చాలామంది ఇంకా పక్కమీదే ఉన్నారు. మా పిల్లవాడి మంచానికీ ఒక సంచి కట్టాను.

ఊపు ఆగాక స్టవ్ వెలగకపోతే కంగారుపడకండి. షిందో (ఒక చోట నేల ఎంత గట్టిగా ఊగిందో చెప్పే జపాన్ కొలమానం) 5 స్థాయి ఊపొస్తే ఇంటి గ్యాస్ మీటరే గ్యాస్ ఆపేస్తుంది. వాసన రావట్లేదని రూఢి చేసుకుని, స్టవ్, గీజరు అన్నీ కట్టేసి, మీటరు మీది రీసెట్ బటన్ నొక్కి 3 నిమిషాలు ఆగండి. వాసనొస్తే మాత్రం బటన్ జోలికి, లైటు స్విచ్‌ల జోలికి పోకుండా కిటికీలు తెరిచి బయటికొచ్చేయండి.