వైపౌట్‌ను విసుగొచ్చి వదిలేశారా? మళ్ళీ ఇలా మొదలుపెట్టండి

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చినప్పుడు నా పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో వైపౌట్ అనే, గాల్లో తేలే షిప్‌ల రేసింగ్ గేమ్ పెట్టుకున్నాడు. పావుగంట కూడా కాకముందే కంట్రోలర్ పక్కన పెట్టేసి, "మావయ్యా, ఇది అస్సలు తిరగట్లేదు. గోడలకు కొట్టుకోవడమే సరిపోతోంది" అన్నాడు. ఇదే మాట నా స్నేహితుల దగ్గర, వాళ్ళ పిల్లల దగ్గర, ఆఫీసులో తోటివాళ్ళ దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చాలామంది పక్కన కూర్చుని వాళ్ళ చేతులు గమనించాను. అందరిదీ ఒకటే తప్పు.

కారు గేమ్ ఆడినట్టే ఆడతారు. షిప్‌ను ముందుకు నడిపే ఎక్స్ బటన్ నొక్కి పట్టుకుని, మలుపు రాగానే స్టిక్‌ను ఒక పక్కకి పూర్తిగా తోస్తారు. షిప్ తిరగదు, గోడకు తగులుతుంది. ఎయిర్‌బ్రేక్ అని ఒకటుందని ఎవరైనా చెబితే దాన్ని నొక్కి వదలకుండా పట్టుకుంటారు. ఈసారి అవతలి గోడకు తగులుతుంది. గంట గడిచేసరికి గేమ్‌నే డిలీట్ చేస్తారు. ఇంత మంచి గేమ్‌ను జనం ఇలా వదిలేస్తుంటే నాకు నిజంగా బాధ వేస్తుంది. అందుకే నేను నేర్పే పద్ధతిని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. రోజుకు అరగంట చొప్పున ఒక వారం ఇవ్వండి.

ముందు ఏ వైపౌట్ అన్నది తేల్చుకుందాం. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో సిగ్నోసిస్ అనే కంపెనీ 1995లో మొదటి వైపౌట్ చేసింది. అందులో గోడకు తగిలితే షిప్ దాదాపు ఆగిపోయేది. అప్పుడు ఆడి వదిలేసినవాళ్ళను నేను తప్పుపట్టను. 1996లో వచ్చిన వైపౌట్ 2097లో ఆ శిక్ష తగ్గించారు, గోడను రాసుకుంటూ ముందుకు పోవచ్చు. తర్వాత అదే బృందం స్టూడియో లివర్‌పూల్ పేరుతో 2008లో పీఎస్3కి వైపౌట్ హెచ్‌డీ, 2012లో సోనీ చేతి కన్సోల్ వీటాకి వైపౌట్ 2048 చేసింది. ఆ ఏడాదే సోనీ ఆ స్టూడియోను మూసేసింది. 2017లో హెచ్‌డీని, దాని ఫ్యూరీ భాగాన్ని, 2048ని కలిపి పీఎస్4కి ఒమేగా కలెక్షన్‌గా తెచ్చారు. నేను చెప్పేదంతా ఈ ఒమేగా గురించే. పదిహేడేళ్ళ పాటు ఒకే బృందం దిద్దుకుంటూ వచ్చిన హ్యాండ్లింగ్ ఇది. షిప్ తిరగట్లేదంటే లోపం గేమ్‌లో లేదు, మన చేతి అలవాటులో ఉంది.

కావలసినవి

పీఎస్4 గానీ పీఎస్5 గానీ ఉంటే చాలు, గేమ్ రెండింట్లోనూ ఆడుతుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది లేకపోతే మీరు బటన్ నొక్కాక తెరమీద కదలిక కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది, ఈ వేగంలో ఆ కొంచెమే గోడకు కొట్టిస్తుంది. మొదటి మూడు రోజులు మ్యూజిక్ పూర్తిగా తగ్గించండి, షిప్ గోడను రాసుకునే చప్పుడు చెవికి వినపడాలి. స్టిక్‌తోనే ఆడండి, బాణం బటన్లు వద్దు. ఇంట్లో ఎవరికైనా మెరిసే లైట్ల వల్ల ఫిట్స్ వచ్చే సమస్య ఉంటే ఈ గేమ్ వాళ్ళ ముందు ఆడకండి, వాళ్ళతో ఆడించకండి.

సెట్టింగ్స్

పైలట్ అసిస్ట్ ఆఫ్ చేయండి. అది గోడ దగ్గరకు వెళ్ళినప్పుడల్లా షిప్‌ను తనంతట తానే లోపలికి నెడుతుంది. మీరు ఒకటి చేస్తారు, అది ఇంకొకటి చేస్తుంది, ఏది ఎవరి పనో మీకు అర్థం కాదు. సైకిల్ వెనక పట్టుకుని పరిగెత్తే నాన్న లాంటిది అంటారు కొందరు. ఆ నాన్న ఏదో ఒకరోజు వదిలేస్తాడు. పైలట్ అసిస్ట్ వదలదు.

వ్యూ మాత్రం షిప్ వెనక నుంచి కనిపించేదే పెట్టుకోండి. ముక్కు లోపలి నుంచి చూస్తే వేగం బాగా తెలుస్తుంది గానీ తోక ఎటు జారుతోందో కనపడదు. నేర్చుకోవాల్సిందే ఆ తోక సంగతి.

మనకు నచ్చిన రేసు ఎంచుకునే రేస్‌బాక్స్‌లోకి వెళ్ళి టైమ్ ట్రయల్, వినెటా కే ట్రాక్, వెనం స్పీడ్, ఫైజర్ షిప్ ఎంచుకోండి. ఇందులో ఏదీ మార్చకండి. వెనం అన్నిటికన్నా నెమ్మదైన క్లాస్, దాని పైన వరుసగా ఫ్లాష్, రేపియర్, ఫాంటమ్ ఉంటాయి. ఫైజర్ అందరికన్నా సులువుగా తిరిగే షిప్. వినెటా కే ట్రాక్ వెడల్పుగా ఉంటుంది, మలుపులు మర్యాదగా వస్తాయి. టైమ్ ట్రయల్‌లో పోటీ షిప్‌లు ఉండవు, మిస్సైళ్ళు ఉండవు. 2048 క్యాంపెయిన్‌తో (గేమ్ వరుసగా ఇచ్చే రేసులతో) మాత్రం మొదలుపెట్టొద్దు. అందులో రోడ్లు బిల్డింగుల మధ్య నుంచి పోతాయి, చుట్టూ కనిపించేవాటిలో మలుపు ఎక్కడుందో కంటికి ఆనదు.

మొదటి రోజు: ఎయిర్‌బ్రేక్ ముట్టుకోకుండా

ఎయిర్‌బ్రేక్ బటన్లు, అంటే ఎల్2, ఆర్2 ట్రిగ్గర్ల మీద వేలు పెట్టకండి. స్టిక్, ఎక్స్ బటన్, అంతే. మలుపుకి ముందు ఎక్స్ వదిలేయండి, తిరిగాక మళ్ళీ నొక్కండి. గోడ తగలకుండా మూడు ల్యాప్‌లు పూర్తి చేయాలి. టైమ్ ఎంత వచ్చిందో చూడకండి. ఒక్కసారిగా వేగం పెంచడానికి గేమ్ ఇచ్చే టర్బో కూడా వాడకండి. ఎక్స్ వదలడం అవమానం కాదు. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది మొత్తం రేసంతా ఆ బటన్ మీద బొటనవేలు తీయరు. అసలు బాధంతా అక్కడే మొదలవుతుంది. ఈ పని అరగంటలో వచ్చేస్తుంది.

ఎయిర్‌బ్రేక్

ఇక్కడ మాత్రం తొందరపడకండి. కనీసం మూడు రోజులు దీనికే ఇవ్వండి.

కారుకి టైర్లుంటాయి, అవి రోడ్డును పట్టుకుంటాయి. ముందు చక్రం ఎటు తిరిగితే కారు అటు పోతుంది. వైపౌట్ షిప్ గాల్లో తేలుతుంది, దానికి పట్టు అనేదే లేదు. ముక్కు ఒకవైపు చూస్తున్నా ఒళ్ళు పాత దారిలోనే పోతూ ఉంటుంది. నర్సాపురం దగ్గర గోదావరి మీద పంటు (జనాన్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. రేవు ఇంకా దూరంగా ఉండగానే పంటును తిప్పడం మొదలుపెడతారు. ముందు ముక్కు తిరుగుతుంది, కొంతసేపటికి పంటు మొత్తం అటు వస్తుంది. రేవు ముందుకొచ్చాక తిప్పితే దాటి వెళ్ళిపోతుంది. వైపౌట్‌లో ఆ కొంతసేపు అర సెకను కూడా ఉండదు, తేడా అంతే.

ఎయిర్‌బ్రేక్ పేరులో బ్రేక్ ఉందని దాన్ని వేగం తగ్గించడానికి అనుకుంటారు. ఒక్కటే నొక్కితే అది ముఖ్యంగా ముక్కును తిప్పే పని చేస్తుంది. కుడి మలుపుకి ఆర్2, ఎడమ మలుపుకి ఎల్2. షిప్‌లో ఒక పక్క రెక్క లేచి గాలిని అడ్డుకుంటుంది, ఆ పక్క వెనకబడుతుంది, ముక్కు అటు తిరుగుతుంది. నిజంగా వేగం తగ్గాలంటే రెండూ కలిపి నొక్కాలి.

వరుస ఇది. మలుపు మొదలయ్యే ముందే స్టిక్‌ను అటు వంచండి. షిప్ వంగడం కనిపించగానే అదే పక్క ట్రిగ్గర్‌ను ఒక్కసారి నొక్కండి. ముక్కు మలుపు నుంచి బయటికి వెళ్ళే దారి వైపు చూడబోతుండగా వదిలేయండి. "చూడబోతుండగా" అన్నది గమనించండి. పూర్తిగా చూశాక వదిలితే ఆలస్యమే. మీరు వదిలాక కూడా తోక ఇంకొంచెం జారుతుంది, ఆ జారుడుతో ముక్కు సరిగ్గా దారికి వస్తుంది. నూటికి తొంభై తప్పులు ఈ వదలడం దగ్గరే జరుగుతాయి. నొక్కడం అందరికీ వస్తుంది.

ఎప్పుడు వదలాలో తెలియడానికి కళ్ళు ఎక్కడున్నాయో చూసుకోండి. కొత్తవాళ్ళు షిప్ ముక్కును చూస్తారు, లేదా తగలబోయే గోడను చూస్తారు. చూపు మలుపు అవతల, బయటికి వెళ్ళే చోట ఉండాలి. ఆ చోటు కనపడిన క్షణం వేలు వదలాలి. కంటికీ వేలికీ ఈ ముడి పడిందంటే మిగతా గేమంతా మీదే.

ఇప్పుడు ఎవరూ చెప్పని ప్రమాదం ఒకటి చెప్తాను. ఒకే ట్రిగ్గర్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే అది ఎయిర్‌బ్రేక్ కింద లెక్కకు రాదు, సైడ్‌షిఫ్ట్ అవుతుంది. షిప్ ఒక్కసారిగా పక్కకి గెంతుతుంది. అది కూడా పనికొచ్చే విద్యే గానీ ఇప్పుడు కాదు. టెన్షన్‌లో చాలామంది టకటకా రెండుసార్లు నొక్కేస్తారు. షిప్ గెంతి గోడకు తగులుతుంది. వాళ్ళు మాత్రం "కంట్రోల్స్ పిచ్చిగా ఉన్నాయి" అంటారు. మా మేనల్లుడి వేళ్ళు చూశాక నాకు తెలిసింది ఇదే. అందుకే ఒక మలుపుకి ఒక్కటే నొక్కు. సరిపోలేదనిపిస్తే మళ్ళీ నొక్కకండి, ఎక్స్ వదిలేయండి. ఈ నియమాన్ని మూడు రోజులు తప్పకుండా పాటించండి.

ఇంకో జాగ్రత్త. గోడ దగ్గరకు వచ్చేశాక దాని నుంచి తప్పించుకోవడానికి ఎయిర్‌బ్రేక్ వాడకండి. ముక్కు లోపలికి తిరుగుతుంది, తోక బయటికి విసురుతుంది, వెనక భాగం గోడకు గట్టిగా తగులుతుంది. అలాంటప్పుడు ట్రిగ్గర్ వదిలి, స్టిక్‌తో మెల్లగా జరగండి. కొంచెం రాసుకుంటే రాసుకోనివ్వండి. కాస్త వేగం, కాస్త ఎనర్జీ (షిప్ ప్రాణం లాంటిది, అయిపోతే షిప్ పేలిపోతుంది) పోతాయి, అంతకుమించి ఏమీ కాదు.

కుడి ఎడమలుగా వెంటవెంటనే వచ్చే మలుపుల్లో మొదటి ట్రిగ్గర్‌ను మామూలుకంటే ముందే వదలాలి. కుడి మలుపులో తోక జారుతుండగానే ఎల్2 నొక్కితే ఆ జారుడు ఆగి షిప్ నిటారుగా అవుతుంది, అక్కడి నుంచే ఎడమకి తిరగడం మొదలవుతుంది. రెండు ట్రిగ్గర్లూ కాసేపు కలిసి ఉన్నాయంటే మాత్రం వేగం పడిపోతుంది. ఒకటి పూర్తిగా వదిలాకే రెండోది.

వినెటా కే మీద వెనంలో వరుసగా పది ల్యాప్‌లు, గోడ చప్పుడు ఒక్కసారి కూడా వినపడకుండా పూర్తి చేసేదాకా ఇక్కడే ఉండండి. ఎనిమిదో ల్యాప్‌లో తగిలితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఐదు చాలదా అని అడుగుతారు. చాలదు. ఐదు ల్యాప్‌లు జాగ్రత్తతో నడుస్తాయి, పది అలవాటుతోనే నడుస్తాయి.

వేరే పద్ధతుల సంగతి

"నేరుగా ఫాంటమ్‌లో పది రేసులు ఆడు, తర్వాత వెనం ఆటబొమ్మలా ఉంటుంది" అని ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. ఫాంటమ్‌లో కొత్తవాడికి మలుపు కనపడేలోపే గోడ వస్తుంది. ఏ తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా నేర్చుకునేది ఏముంటుంది? తర్వాత వెనం నెమ్మదిగా అనిపించడం నిజమే, చేతులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

జోన్ మోడ్‌తో నేర్చుకోమనేవాళ్ళూ ఉన్నారు. జోన్ నాకు చాలా ఇష్టం. ఈ గేమ్‌లో అంత అందమైన మోడ్ ఇంకోటి లేదు. కానీ అందులో వేగం దానంతట అదే పెరుగుతూ పోతుంది, ఎక్స్ మీద మీకు పని ఉండదు. ఎక్స్ వదలడం రానివాళ్ళకు అది ఎప్పటికీ రాదు. పది ల్యాప్‌ల పరీక్ష అయ్యాక జోన్ ఎంతైనా ఆడుకోండి. వీడియోల విషయమూ అంతే. రికార్డులు కొట్టేవాళ్ళ వీడియోల్లో ప్రతి ఎత్తు మీదా బ్యారెల్ రోల్ (గాల్లో పల్టీ), ప్రతి మలుపులో సైడ్‌షిఫ్ట్ ఉంటాయి. అవి చూసి మొదలుపెడితే అ ఆలు రాకుండా పద్యం చదవబోయినట్టు ఉంటుంది.

తర్వాత

ఇక్కడి నుంచి సాఫీగానే సాగుతుంది. అదే ట్రాక్ మీద ఫ్లాష్‌లో పది ల్యాప్‌లు. ఆ తర్వాత మోవా థర్మా, చెంగ్‌హౌ ప్రాజెక్ట్. సెబెంకో క్లైంబ్‌ను మాత్రం చివరికి ఉంచుకోండి.

పోటీ షిప్‌లతో ఆడేటప్పుడు దొరికిన ఆయుధాన్నల్లా పేల్చకండి. సర్కిల్ బటన్‌తో దాన్ని పీల్చుకుంటే ఎనర్జీ పెరుగుతుంది. మొదట్లో మీకు గెలుపు కన్నా రేసు పూర్తి చేయడం ముఖ్యం, కాబట్టి సగానికి సగం పీల్చుకోండి. షిప్‌ను కాసేపు తనే నడిపే ఆటోపైలట్ దొరికితే మాత్రం పీల్చకండి, వాడండి. మలుపును అది ఎక్కడ మొదలుపెడుతోందో చూడటానికి అంతకన్నా మంచి పాఠం లేదు. ఇక హెచ్‌డీ క్యాంపెయిన్ మొదలుపెట్టవచ్చు, మ్యూజిక్ కూడా పెంచుకోవచ్చు.

అన్నిటికన్నా చివర బ్యారెల్ రోల్. షిప్ ఎత్తు మీద నుంచి గాల్లోకి లేచినప్పుడు స్టిక్‌ను గబగబా ఎడమ, కుడి, ఎడమకి తిప్పితే షిప్ ఒక పల్టీ కొట్టి, నేలకు దిగగానే టర్బో వస్తుంది. దానికి బదులుగా ఎనర్జీ కొంత తీసుకుంటుంది. గాల్లో తగినంత సేపు ఉండే చోటే చేయండి. చిన్న ఎత్తుల మీద ప్రయత్నిస్తే పల్టీ పూర్తవదు, స్టిక్ తిప్పిన కొద్దీ ముక్కు పక్కకి పోయి దిగగానే గోడ ఉంటుంది. దిగిన వెంటనే మలుపు ఉన్న చోట కూడా వద్దు. ఎనర్జీ సగం కన్నా తక్కువ ఉంటే అసలు ఆలోచించకండి, వెనక నుంచి వచ్చే ఒకటి రెండు మిస్సైళ్ళకే షిప్ పేలిపోతుంది.