మన ముందువాళ్ళు, 3వ పాఠం: సీసాల్లోకి పీచ్ పళ్ళు, ఫోన్‌లోకి కబుర్లు

మొదటి పాఠంలో నాలుగు తరాల పట్టిక గీశాం. రెండో పాఠంలో పాత ఫొటోల వెనక, అంచు దగ్గర, మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాశాం. రాయనివాళ్ళు ముందు ఆ పని చూడండి, ఇది తర్వాత చదవొచ్చు. ఈసారి పెద్దవాళ్ళ చేత చెప్పించుకోవడం, దాన్ని రికార్డు చేసి కాగితం మీదికి తేవడం. పట్టికలో ఖాళీ గళ్ళు ఎక్కువగా నిండేది ఇక్కడే.

కొత్తగా చేరినవాళ్ళకి ఒక్క మాట. నేను తెలుగు పిల్లనే, యూటా రాష్ట్రంలో మోర్మన్ కుటుంబానికి కోడలిగా వచ్చాను. 2018 నుంచి ఆ సంఘం పెద్దలు ‘మోర్మన్’ అనొద్దు, ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అని పూర్తి పేరు చెప్పండి అంటున్నారు. మా అత్తగారు పూర్తి పేరే వాడతారు. మా ఆయన నాలిక మీద మాత్రం పాత మాటే ఉండిపోయింది. నేను ఆ సంఘంలో చేరలేదు. ఆ సంఘంలో కాఫీ తాగరు కాబట్టి ఇంట్లో తాగేది నేనొక్కదాన్నే, అది కూడా గరాజ్‌లో నిలబడి. కానీ పూర్వీకుల పని మొత్తం నేర్చుకున్నది మా అత్తగారి దగ్గరే.

వీళ్ళకి ఇదంతా కాలక్షేపం కాదు. చావుతో కుటుంబం విడిపోదని వీళ్ళ నమ్మకం. బాప్తిస్మం లేకుండా పోయిన పూర్వీకుల తరఫున దేవాలయంలో బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకుంటారు. తరాలను ‘ముద్రవేయడం’ అనే కర్మతో ఒకదానితో ఒకటి కలుపుతారు. ఒప్పుకోవడమా మానడమా అన్నది ఆ పోయినవాళ్ళ ఇష్టమట. మరి పేరు తెలియని మనిషికి ఇవన్నీ ఎలా చేస్తారు? అందుకే 1894లోనే వంశచరిత్ర కోసం ఒక సొసైటీ పెట్టుకున్నారు. సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఒక గ్రానైట్ కొండని తొలిచి, లోపల లక్షల మైక్రోఫిల్మ్ చుట్టలు దాచారు. మన హరిద్వార్ పండాలు (తీర్థ పురోహితులు) యాత్రికుల వంశాలు రాసి ఉంచే చిట్టాలను కూడా వీళ్ళు ఫిల్మ్ తీశారని తెలిసినప్పుడు నాకు నోట మాట రాలేదు. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లు చెప్పి ఆగిపోయే ఇంట్లో పెరిగినదాన్ని మరి.

సరే, పాఠం.

నా మొదటి ప్రయత్నం ఎలా చెడిందో చెబితే మీకు సగం పని తప్పుతుంది. సోమవారం సాయంత్రం వీళ్ళకి కుటుంబ సమయం. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని పాట, ప్రార్థన, చిన్న పాఠం, ఆట, చివర్లో తినడానికి ఏదో ఒకటి. ఇలా కుటుంబమంతా కూర్చునే అలవాటు 1915 నుంచీ ఉంది. అలాంటి ఒక సోమవారం మా అత్తగారిని సోఫాలో కూర్చోబెట్టి, ముప్ఫై ప్రశ్నల లిస్టు చేత్తో పట్టుకుని, ఫోన్ ఎదురుగా పెట్టాను. ‘మీ అమ్మమ్మ ఎప్పుడు పుట్టారు?’ ‘గుర్తులేదమ్మా.’ ‘ఆవిడ ఎలాంటి మనిషి?’ ‘మంచి మనిషి.’ పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ గుడ్డల మడతల్లోకి, నేను నా టెన్షన్‌లోకి.

సెప్టెంబర్‌లో పీచ్ పళ్ళు వచ్చాయి. బ్రిగమ్ సిటీ వైపు రోడ్డు పక్క దుకాణాల్లో బుట్టలకి బుట్టలు అమ్ముతారు. ఒక బుషెల్ అంటే 48 పౌండ్లు, దాంతో దాదాపు ఇరవై క్వార్ట్ (సుమారు లీటరు పట్టే) సీసాలు నిండుతాయి. ఏడాదికి సరిపడా తిండి ఇంట్లో నిలవ ఉంచుకోవడం వీళ్ళకి బాగా అలవాటు. బేస్‌మెంట్ అరల నిండా సీసాలే, ఒక్కోదాని మూత మీద సంవత్సరం రాసి ఉంటుంది. మనకి ఎండాకాలంలో ఆవకాయ ఎలాగో వీళ్ళకి ఇది అలాగ. ఆదివారం ఇలాంటి పనులు ముట్టుకోరు కాబట్టి శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం.

మరిగే నీళ్ళలో పళ్ళని ఓ నిమిషం లోపు ముంచి, వెంటనే చన్నీళ్ళలో వెయ్యాలి. అప్పుడు బొటనవేలితో ఇలా తోస్తే తొక్క మొత్తం చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది. మా అత్తగారు నాలుగో పండు ఒలుస్తూ, నా వైపు చూడకుండానే మొదలుపెట్టారు: ‘మా అమ్మమ్మ ఈ తొక్కలు పారేయనిచ్చేది కాదు. ఉడకబెట్టి జెల్లీ చేసేది. వాళ్ళమ్మ చిన్నపిల్లగా, సామాను వేసి మనుషులే లాగే చెయ్యిబండి వెనకాల, మైదానాలు దాటి ఇక్కడిదాకా నడుచుకుంటూ వచ్చిందట. ఆకలి తెలిసిన మనిషి పెంచిన కూతురు కదా.’

నేను తడి చేతుల్తోనే ఫోన్ కోసం పరిగెత్తాను.

కాబట్టి మొదటి సూత్రం: చేతులకి పని ఇవ్వండి. కళ్ళు పని మీద ఉంటే మాటకి సిగ్గుండదు. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన కూర్చోవాలి. పని ఆ మనిషికి బాగా వచ్చినదై ఉండాలి, మీకు రానిదైతే ఇంకా మంచిది, ఎందుకంటే మీరు తప్పు చేస్తారు, వాళ్ళు దిద్దుతారు, దిద్దుతూ ‘మా అమ్మ అయితే’ అంటారు. ఇక్కడ పీచ్‌లు, పాత చొక్కాల ముక్కలతో క్విల్ట్ కుట్టడం. మీ ఇంట్లో చిక్కుడుకాయలు ఒలవడం, చింతపండు గింజలు తీయడం. మిక్సీ నడిచే పని మాత్రం వద్దు. రికార్డింగ్‌లో మిక్సీ తప్ప ఏమీ వినబడదు.

ఫోన్ సంగతి. ముందు అనుమతి అడగండి. దొంగతనంగా రికార్డు చేసిన కబురు తర్వాత ఎవరికీ వినిపించలేరు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా అసలు ముక్క దగ్గరే కాల్ వస్తుంది. మడిచిన తువ్వాలు మీద, మూరెడు దూరంలో, పొయ్యికి దూరంగా ఉంచండి. ఆ శనివారం నేను పొయ్యి పక్కన పెట్టాను. మొదటి ఇరవై నిమిషాలూ నీళ్ళు మరిగే చప్పుడే. మొదట మీ గొంతుతోనే తేదీ, ఊరు, ఎవరెవరున్నారో చెప్పండి. ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు కానివ్వండి.

ప్రశ్నలు ఐదు చాలు, అవి కూడా జేబులోనే ఉండాలి. తేదీతో మొదలుపెట్టొద్దు, వస్తువుతో మొదలుపెట్టండి. ‘ఈ గరిటె ఎవరిది?’ అంటే మనిషి వస్తుంది, మనిషి వెనక ఇల్లు వస్తుంది, ఇంటి వెనక ఊరు. సంవత్సరం కావాలంటే ‘అప్పటికి మీ తమ్ముడు పుట్టాడా?’ అని అడగండి. ఇక అన్నిటికన్నా కష్టమైనది: వాళ్ళు ఆగినప్పుడు మీరు మాట్లాడకండి. మనసులో పది లెక్కపెట్టండి. నాకైతే ఆరు దగ్గరే నోరు దురద పెడుతుంది. కానీ అసలు కబురు ఏడు తర్వాతే వస్తుంది.

ఇక్కడ యూటా కొండ మాకు కలిసొస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, అందుకని సీసాలను ఎక్కువసేపు ఉడికించాలి. పీచ్ ముక్కలు ముందుగా ఉడికించకుండా నింపిన క్వార్ట్ సీసాకి సముద్రమట్టం దగ్గర 30 నిమిషాలు చాలు. మాది దాదాపు 4,500 అడుగుల ఎత్తు, కాబట్టి 40. ఆ నలభై నిమిషాలు చేతిలో పని ఉండదు, వంటిల్లు వదిలి వెళ్ళడానికీ ఉండదు. పొద్దుటి కబుర్లలో తెగిపోయిన కొసలు అప్పుడు అందుకోండి. మాకు ఆ రోజు మూడు వాయిలు పడ్డాయి, అంటే మూడు నలభైలు.

అదే రాత్రి, మహా అయితే మర్నాడు, విని చీటీ రాయాలి. వారం ఆగితే మీరు విన్నది కాకుండా మీకు గుర్తున్నది రాస్తారు. ఒక్కో కబురికి ఒక్కో చీటీ: రికార్డింగ్‌లో ఎన్నో నిమిషం, ఎవరి గురించి, ఏ ఊరు, సుమారు ఏ ఏడు, చెప్పిన మనిషి కళ్ళారా చూసిందా లేక విన్నదా. ఈ చివరి గడి వదలొద్దు. జెల్లీ మా అత్తగారు చూసింది. చెయ్యిబండి విన్నది. మాటలు వాళ్ళవే ఉంచండి. ‘ఆకలి తెలిసిన మనిషి’ అన్నదాన్ని ‘పేదరికం అనుభవించారు’ అని దిద్దితే ఆ మనిషి కాస్తా ఆఫీసు కాగితం అయిపోతుంది.

తర్వాత సరిచూసుకోవడం. పూర్వీకుల పాత రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్ ఈ సంఘానిదే, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చిన్న హెచ్చరిక: అక్కడి వంశవృక్షం అందరిదీ ఒక్కటే. బతికున్నవాళ్ళ వివరాలు దాచి ఉంచుతారు, పోయినవాళ్ళవి అందరికీ కనబడతాయి. మీ తాతగారి పేరు అక్కడ పెట్టే ముందు ఇంట్లో వాళ్ళని ఒక మాట అడగండి. సభ్యులు తమ పూర్వీకులకు తప్ప ఇతరులకు ఆ బాప్తిస్మం కర్మలు చేయించకూడదని సంఘం నియమం పెట్టింది. అది తప్పి గొడవలైన సందర్భాలూ ఉన్నాయి. ఇష్టం లేకపోతే కాగితం మీద పట్టిక చాలు, పాఠం ఆగిపోదు.

నేను 1900 నాటి అమెరికా జనాభా లెక్కల్లో మా అత్తగారి తాతమ్మని వెతికాను. డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా స్థిరపడిన సాన్‌పీట్ కౌంటీలో, ఎఫ్రయిమ్ ఊళ్ళో దొరికింది. వలస వచ్చిన సంవత్సరం గడిలో 1872 అని ఉంది.

గొడవ అర్థమైందా? ఈ సంఘంవాళ్ళ చెయ్యిబండ్ల గుంపులు యూటాకి వచ్చింది 1856 నుంచి 1860 దాకానే. 1869 మే 10న ఇదే యూటాలో ప్రొమొంటరీ దగ్గర రెండు వైపుల రైలు పట్టాలూ కలిశాయి. ఆ తర్వాత మైదానాలు దాటి నడవాల్సిన అవసరం ఎవరికీ లేదు. తాతమ్మ రైల్లో వచ్చింది. ఇక్కడ ఇది చిన్న విషయం కాదు. ఆ మే 10కి ముందు వచ్చినవాళ్ళ సంతానానికే ‘పయొనీర్ల (యూటాకి మొదట్లో వచ్చి స్థిరపడినవాళ్ళ) కూతుళ్ళు’ అనే సంఘంలో చోటు. ప్రతి జులై 24న, సంఘం నాయకుడు బ్రిగమ్ యంగ్ 1847లో సాల్ట్ లేక్ లోయలో దిగిన రోజున, మనవలకి టోపీలు పెట్టి చిన్న చెయ్యిబండి లాగిస్తారు మా అత్తగారు.

సోమవారం రాత్రి, ఆట అయ్యాక, మెల్లగా చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పైకీ కిందకీ జరిపి రెండుసార్లు చదివారు. ‘సాల్ట్ లేక్ నుంచి ఎఫ్రయిమ్ వంద మైళ్ళ పైనే. అది నడిచి ఉండదా?’ అన్నారు. మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, చీటీ మీద రాసుకున్నాను, ఎందుకంటే అది మంచి ప్రశ్న.

ఇలాంటప్పుడు కబురుని కొట్టేయొద్దు. కబురు ఒక చీటీ, రికార్డు ఇంకో చీటీ, రెండూ ఒకే పిన్నుకి. ఇంటి కబుర్లు ఉత్త అబద్ధాలు కావడం తక్కువ. నిజంగా జరిగినదే కానీ వేరే మనిషికి జరిగి ఉంటుంది. చెయ్యిబండి వెనక నడిచింది ఆ తాతమ్మ అత్తగారేమో, పక్కింటావిడేమో. అడ్డంగా వెతకండి, అన్నదమ్ముల్లో, వియ్యాలవారిలో.

అదే పేజీలో మా అత్తగారి వేలు ఇంకో రెండు గళ్ళ దగ్గర ఆగింది. ఆ లెక్కల్లో పెళ్ళయిన ఆడవాళ్ళని ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని కూడా అడిగారు. తాతమ్మ వరసలో 9, దాని పక్కన 6.

ఆరుగురి పేర్లు మా పట్టికలో ఉన్నాయి. మిగతా ముగ్గురి మాట ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనలేదు. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను పది దాటి లెక్కపెట్టాను. ‘వాళ్ళకి పేర్లు పెట్టే ఉంటారు కదా’ అన్నారు చివరికి.

యూటాలో రాష్ట్రం మొత్తం మీద మరణాల నమోదు మొదలైంది 1905 ప్రాంతంలో. అంతకు ముందు పోయిన పసివాళ్ళ జాడ సంఘం పాత రిజిస్టర్లలో, లేకపోతే సమాధి రాళ్ళ మీద. కాబట్టి 4వ పాఠం ఎఫ్రయిమ్ శ్మశానం నుంచి. మీ పట్టికలోనూ ఇలాంటి లెక్క తేలని పిల్లలు ఉంటే ఈలోగా వేరే రంగు పెన్సిల్‌తో గడి గీసి ఖాళీగా ఉంచండి. కావలసిన సరంజామా: మెత్తటి బ్రష్షు, ఉత్త నీళ్ళ సీసా (సబ్బు, బ్లీచ్ వద్దు, రాయి పాడవుతుంది), అరిగిన అక్షరాల మీదికి ఎండని పక్కనుంచి పడేలా చేయడానికి ఒక చేతి అద్దం. మా ఇంటి నుంచి అక్కడికి గంటన్నర దారి. కారు తనే నడుపుతానన్నారు మా అత్తగారు. నేను ఫోన్ ఫుల్‌గా ఛార్జ్ పెట్టుకున్నాను.